జిద్దాలో ‘చెట్టున్న ఇల్లు’: బైత్ నసీఫ్ చరిత్ర, నిర్మాణం

ఓడలో హజ్‌కు వెళ్ళిన తరాల వారికి జిద్దా రేవు సులభంగా చిక్కేది కాదు. ఒడ్డుకు కొంత దూరంలో నీటి అడుగున పగడపు దిబ్బలు వరుసగా పరచుకొని ఉంటాయి. పెద్ద ఓడలు వాటిని దాటి రాలేక దూరంగానే లంగరు వేసేవి. యాత్రికులు సంబూక్ అనే చిన్న పడవల్లోకి దిగి, మూటాముల్లెలతో రేవు చేరుకునేవారు. ఓడలు నేరుగా వచ్చి ఆగే రేవు 1950 ప్రాంతంలో గాని ఏర్పడలేదు. హైదరాబాద్ నుండి రైలులో బొంబాయి వెళ్ళి, అక్కడ ఓడ ఎక్కిన మన పెద్దలలో చాలామంది ఈ విధంగానే జిద్దా నేలపై కాలు మోపారు. బొంబాయి నుండి హజ్ ఓడల ప్రయాణం 1995లో ఆగిపోయింది గనుక, ఆ అనుభవం చెప్పగలిగిన వారు నేటికీ కొన్ని ఇళ్ళలో ఉండవచ్చు.

రేవులో దిగిన యాత్రికుడు తూర్పు దిక్కుగా మక్కా ద్వారం వైపు నడవాలి. ఆ దారి సూఖుల్ అలవీ అనే అంగడి వీధి గుండా పోతుంది. ఆ వీధిలో ఒక చోట దారి కొద్దిగా విశాలమై, ఒక ఎత్తయిన తెల్లని భవనం, దాని ముందు ఒక వేపచెట్టు కనిపిస్తాయి. ఆ భవనమే బైత్ నసీఫ్, అనగా నసీఫ్ గారి ఇల్లు. 1920 దశకం వరకు పాత జిద్దా ప్రాకారం లోపల మరొక చెట్టు లేదని చెబుతారు. అందువలన ఊరి వారు దానిని ‘చెట్టున్న ఇల్లు’ అని పిలిచేవారు. వేపచెట్టు మన ఊళ్ళలో ప్రతి వాకిట కనిపించేదే. కాని మంచినీరు కొని తాగవలసిన ఊరిలో ఒక చెట్టును పెంచి నిలబెట్టడం మామూలు గృహస్థుకు సాధ్యమయ్యే పని కాదు. ఇంటి యజమాని సంపదను గోడల కంటే ముందు ఆ చెట్టే చాటి చెప్పేది.

రేవు, వర్తకం, ఇంటి యజమాని

జిద్దాను మక్కా నగరపు రేవుగా నిర్ణయించినవారు మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి). ఇది హిజ్రీ 26వ సంవత్సరం, అనగా క్రీ.శ. 647 నాటి మాట. ఆనాటి నుండి ఈ ఊరికి రెండు జీవనాధారాలు: హజ్ యాత్రికులు, హిందూ మహాసముద్రపు వర్తకం. ఈ రెండూ ఒకే ఓడలో వచ్చేవి. భారతదేశం నుండి యాత్రికులతో పాటు బియ్యం, బట్టలు, కలప దిగేవి.

1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఎర్రసముద్రం ఐరోపాకు, ఆసియాకు నడుమ రాజమార్గమయింది. ఆవిరి ఓడల రాకపోకలు పెరిగాయి, యాత్రికుల సంఖ్య పెరిగింది. రోగాలు ఓడల వెంట పవిత్ర నగరాలకు చేరుతున్నాయన్న భయంతో ఉస్మానీ ప్రభుత్వం 1882 నుండి దక్షిణ దిక్కుగా వచ్చే యాత్రికులను కమరాన్ ద్వీపంలో కొన్ని రోజులు ఆపి పరీక్షించే ఏర్పాటు కూడా చేసింది. జిద్దా వర్తకుల చేతికి మునుపెన్నడూ లేనంత ధనం వచ్చిన కాలమది. నేడు పాత జిద్దాలో చూపరులను ఆకర్షించే ఎత్తయిన భవనాలలో అధిక భాగం ఈ కాలానికి చెందినవే.

ఉమర్ నసీఫ్ ఎఫెందీ అటువంటి సంపన్న వర్తక కుటుంబానికి చెందినవారు. జిద్దా నగర పాలనలోనూ ఆయనకు పెద్ద హోదా ఉండేది. ఆయన 1872లో (హి. 1289) ఈ ఇంటి నిర్మాణం ఆరంభించగా 1881లో (హి. 1298) పూర్తయింది. తొమ్మిదేళ్ళ పని. ఇంట్లోని గదుల సంఖ్య 106 అని చెబుతారు. చిన్నా పెద్దా, మెట్ల మలుపుల్లోని అరలు, మిద్దెమీది కొట్లు అన్నీ కలిపితేనే ఆ లెక్క వస్తుంది కావచ్చు. ఏమైనా ఇది ఒక్క కుటుంబపు అవసరాలకు కట్టిన ఇల్లు కాదని ఆ సంఖ్య చెబుతున్నది. అతిథులు, వ్యవహారాల మీద వచ్చేవారు, సేవకులు, బంధువులు అందరూ ఆ కప్పు కిందికే వచ్చేవారు. హజ్ రోజులలో జిద్దా గృహస్థులు తమ ఇళ్ళలో కొంత భాగాన్ని యాత్రికులకు ఇవ్వడం ఆ ఊరి ఆచారం. ఊరి ఇళ్ళన్నీ ఆ అవసరాన్ని దృష్టిలో పెట్టుకొనే పెరిగాయి.

సముద్రం ఇచ్చిన రాయి

ఇంత పెద్ద కట్టడానికి రాయి ఎక్కడిది? జిద్దా పరిసరాలలో మేలైన కట్టుబడి రాయి దొరకదు. ఊరి వారు సముద్రాన్నే ఆశ్రయించారు. ఓడలను ఒడ్డుకు రానీయని ఆ పగడపు దిబ్బల నుండే రాళ్ళు కోసి తెచ్చారు. ఈ పగడపు రాయి తేలికగా, నిండా చిన్న రంధ్రాలతో ఉంటుంది. చేతి పనిముట్లతో సులువుగా చెక్కవచ్చు. రంధ్రాలలోని గాలి ఎండ వేడిని లోపలికి త్వరగా పోనీయదు. రాళ్ళ నడుమ అతుకుకు ఊరి ఉత్తరాన ఉన్న కయ్య అడుగునుండి తీసిన జిగట మట్టిని వాడేవారు. ఆ కయ్య పేరు బహ్రుల్ అర్బయీన్.

అయితే ఈ రాయికి రెండు బలహీనతలున్నాయి. గట్రాయిలాగా గొప్ప బరువును ఇది మోయలేదు. ఉప్పునూ తేమనూ పీల్చుకుంటుంది. మొదటి లోపానికి జిద్దా మేస్త్రీలు కనుగొన్న ఉపాయం కలప. గోడ కొంత ఎత్తు లేవగానే దాని పొడవునా కలప మొద్దులు అడ్డంగా పరచి, మళ్ళీ రాయి పేర్చేవారు. అలా ప్రతి మూడు నాలుగు అడుగులకు ఒక కలప వరుస వస్తుంది. గోడ బరువు ఒకచోట పడకుండా ఆ మొద్దులు సమంగా పంచుతాయి. పునాది ఒక పక్క కొంచెం కుంగినా గోడ చీలకుండా పట్టి ఉంచుతాయి. స్థానికులు వీటిని తకాలీల్ అంటారు. రెండవ లోపానికి మందు సున్నం. గోడలకు లోపలా బయటా దట్టంగా సున్నపు పూత వేసి, దానిని తరచుగా కొత్తది చేసేవారు. గోడలోని తేమ ఆ పూత గుండా మెల్లగా ఆరిపోతుంది. పూత రాలితే ఇంటి యజమాని సున్నం కలిపి మళ్ళీ పూయించాలి. బైత్ నసీఫ్ వంటి ఇల్లు నిలబడటం కట్టిన మేస్త్రీ చేతిలో ఎంత ఉందో, ఆ తరువాత దానిలో కాపురమున్న వారి చేతిలోనూ అంతే ఉంది. ఈ విషయం తరువాతి కథకు అవసరం.

టేకు, రోషన్

ఇంటి ముఖభాగాన్ని అలంకరించే కలప పనికి టేకు వాడారు. అరబ్బు నేల మీద టేకు మొలవదు. భారతదేశం నుండి, జావా వంటి తూర్పు దీవుల నుండి ఓడల మీద రావలసిందే. ఈ రాక చాలా పాతది. మదీనాలోని మస్జిదె నబవీని గురించి సహీహ్ బుఖారీలో హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖనం ఒకటి ఉన్నది. దైవప్రవక్త (స) కాలంలో ఆ మస్జిద్ గోడలు పచ్చి ఇటుకలతో, కప్పు ఖర్జూరపు మట్టలతో, స్తంభాలు ఖర్జూరపు మొదళ్ళతో ఉండేవి. హజ్రత్ ఉస్మాన్ (రజి) దానిని విస్తరించినపుడు గోడలకూ స్తంభాలకూ చెక్కిన రాళ్ళు వాడి, కప్పును ‘సాజ్’తో వేయించారు. సాజ్ అంటే టేకు. సముద్రం దాటి వచ్చే ఈ కలప హిజ్రీ మొదటి శతాబ్దం నాటికే మదీనా వారికి తెలుసునన్నమాట. బైత్ నసీఫ్ గవాక్షాల్లోని టేకు ఆ పొడవైన దారిలో చాలా ఆలస్యంగా వచ్చిన సరుకు.

ఈ గవాక్షాలను జిద్దాలో రోషన్ అంటారు, బహువచనం రవాషీన్. ఉర్దూలో రోషన్‌దాన్ అనే మాట ఎరిగిన పాఠకులకు ఈ పేరు కొత్తగా తోచదు. కాని జిద్దా రోషన్ మన రోషన్‌దాన్ వలె గోడ పైభాగాన ఉండే వెలుతురు కన్నం కాదు. గోడ నుండి వీధి మీదికి ముందుకు వచ్చిన ఒక చిన్న కొయ్య గది. ముగ్గురు నలుగురు కాళ్ళు ముడుచుకొని కూర్చోగల చోటు ఉంటుంది. మూడు వైపులా జాలీ పని, కిందా మీదా చెక్కడపు పలకలు, కొన్ని రెక్కలు పైకెత్తి దించేందుకు వీలుగా ఉంటాయి. బైత్ నసీఫ్ ముఖభాగంలో ఇవి ఒకదానిపై ఒకటిగా అంతస్తు తరువాత అంతస్తు ఎక్కుతూ పోతాయి.

వీటిలో అందం ఎంత ఉందో ఉపయోగమూ అంత ఉంది. జిద్దాలో హాయినిచ్చే గాలి సముద్రం వైపు నుండి, వాయవ్యంగా వీస్తుంది. వీధి మీదికి పొడుచుకు వచ్చిన రోషన్ ఆ గాలిని మూడు పక్కలనుండి పట్టుకుంటుంది. జాలీ ఎండ తీక్షణతను విరుస్తుంది. మట్టి కూజాలను రోషన్‌లో ఉంచితే ఆ గాలికి నీళ్ళు చల్లబడతాయి. ఇంటి నడుమ పైదాకా సాగే మెట్ల మార్గం పొగగూడు వలె పనిచేసి, వేడిగాలిని పైకి లాగి పంపేస్తుంది. లోపలి స్త్రీలు వీధిని చూడగలరు, వీధిలోని వారికి వారు కనిపించరు. గోషాను గాలీ వెలుతురూ లేని నిర్బంధంగా భావించేవారు ఈ రోషన్‌లను ఒకసారి పరిశీలించవలసి ఉంటుంది. ఇంట్లో గాలి బాగా వచ్చే చోటు, వీధిలోని సందడి తెలిసే చోటు, కుటుంబం కూర్చునేది అక్కడే.

వాకిలి నుండి మిద్దె వరకు

ఇతరుల ఇళ్ళలోకి అనుమతి కోరకుండా, సలాం చెప్పకుండా ప్రవేశించవద్దని దివ్య ఖుర్ఆన్ సూరా నూర్ 27వ ఆయతు ఆదేశిస్తున్నది. హిజాజ్ ఇళ్ళ అమరికలో ఈ ఆదేశం గోడలుగా, గదులుగా రూపుదాల్చింది. పెద్ద తలుపు దాటగానే దిహ్లీజ్ అనే నడవా వస్తుంది. పరాయివారు అక్కడే ఆగాలి. వ్యవహారాల మీద వచ్చిన పురుషులను దానికి ఆనుకొని ఉన్న కింది గదుల్లోనే కలుసుకుంటారు. గౌరవనీయులైన అతిథులకు పై మజ్లిస్. ఆపై అంతస్తులు కుటుంబానివి. పైకి పోయిన కొద్దీ ఏకాంతం పెరుగుతుంది, గాలీ పెరుగుతుంది. వేసవి రాత్రులలో ఇంటిల్లిపాదీ మిద్దె మీద, అక్కడి కొయ్య గదులలో పడుకునేవారు. వంటగదులు పై అంతస్తులలో ఉండటం వలన పొగా, వాసనా గదులలోకి దిగవు.

బైత్ నసీఫ్ మెట్లను గురించి ఒక కథ ప్రసిద్ధం. ఆ మెట్లు చాలా వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉంటాయి. పై వంటగదికి సామాను చేర్చేందుకు ఒంటెలు ఆ మెట్ల మీదుగా ఎక్కేవని కొందరు చెబుతారు. అబ్దుల్ అజీజ్ రాజు బస చేసిన రోజులలో వార్తాహరులు వాహనం దిగకుండానే పైదాకా వచ్చేవారని మరికొందరు చెబుతారు. కథలకు ఒంటె కావాలి గాని, ఇంటికి కావలసింది మోతగాళ్ళకు అనువైన మెట్లు. నీటి తిత్తులు, కట్టెలు, బియ్యపు బస్తాలు వీపున మోసుకొని రోజూ అన్ని అంతస్తులు ఎక్కేవారికి వాలు తక్కువగా ఉన్న దారి ఎంత ఊరటో చెప్పనక్కరలేదు.

నీటి సంగతి వచ్చింది గనుక దాన్నీ చెప్పుకోవాలి. జిద్దాలో నదిలేదు, బావి నీరు ఉప్పన. వాన అరుదు. కురిసిన కాస్త వాననూ భూమి అడుగున కట్టిన తొట్లలో నిలవ చేసి ఏడాదంతా పొదుపుగా వాడేవారు. వాన లేని ఏడు నీటి ధర ఆకాశాన్ని అంటేది. సముద్రపు నీటిని మరిగించి మంచినీరు తీసే యంత్రం ఉస్మానీ పాలన చివరి రోజులలో వచ్చింది. దానిని ఊరివారు కందాసా అనేవారు. వాదీ ఫాతిమా నుండి గొట్టాల ద్వారా నీరు 1947లో గాని రాలేదు. వాకిట్లోని వేపచెట్టుకు ఇన్నేళ్ళు ఏ నీరు పోశారో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక ప్రశ్న రాక తప్పదు. ఇంత పెద్ద ఇల్లు కట్టడం ఇస్లాం కోరే నిరాడంబరతకు తగునా? జిబ్రయీల్ (అలై) వచ్చి ప్రశ్నించిన ప్రసిద్ధ హదీసులో, ఎత్తయిన భవనాల నిర్మాణంలో ఒకరితో ఒకరు పోటీ పడటాన్ని ప్రళయ సూచనలలో ఒకటిగా దైవప్రవక్త (స) పేర్కొన్నారు. జిద్దా వర్తకులలో ఆ పోటీ లేదని అనలేము. ఒకరి రోషన్‌ను మించి మరొకరు చెక్కించారని ఆ వీధులు చూస్తేనే తెలుస్తుంది. ఉమర్ నసీఫ్ ఏ ఉద్దేశంతో కట్టారో అల్లాహ్‌కు తెలుసు. ఆ ఇల్లు తరువాత దేనికి ఉపయోగపడిందన్నది మాత్రం చరిత్రకు తెలుసు.

1925, ఆపైన పుస్తకాలు

హిజాజ్‌పై అధికారం కోసం హాషిమీలకు, సవూద్ వంశీయులకు జరిగిన పోరులో జిద్దా 1925లో దాదాపు ఏడాది కాలం ముట్టడిలో ఉన్నది. ఆ డిసెంబరులో అలీ బిన్ హుసేన్ రాజ్యం వదులుకొని వెళ్ళిపోగా, అబ్దుల్ అజీజ్ బిన్ సవూద్ నగరంలో ప్రవేశించారు. ఆయన బస చేసింది బైత్ నసీఫ్‌లోనే. తరువాతి కొన్నేళ్ళు ఆయన జిద్దా వచ్చినపుడల్లా ఇదే రాజనివాసం. నగర ప్రముఖులూ విదేశాల ప్రతినిధులూ ఈ మెట్లెక్కి పై మజ్లిస్‌లోనే ఆయనను కలిసేవారు. పిదప ఊరి బయట ఖుజామ్ రాజభవనం వెలిసింది, ఇల్లు మళ్ళీ ఇంటివారికి మిగిలింది.

ఆ సమయానికి ఇంటి పెద్ద ఉమర్ నసీఫ్ మనవడు షేఖ్ ముహమ్మద్ నసీఫ్ (1885–1971). చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి తాతగారి పెంపకంలో ఎదిగినవారు. రాజులకు ఆతిథ్యమిచ్చిన ఈయన ప్రాణమంతా పుస్తకాల మీద ఉండేది. ఈజిప్టు, సిరియా, భారతదేశాలలో అచ్చయ్యే అరబీ గ్రంథాలకు జిద్దా రేవు ఒక కూడలి. హైదరాబాద్‌లో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ అరుదైన ప్రాచీన అరబీ గ్రంథాలను వరుసగా అచ్చులోకి తెస్తున్న కాలం కూడా అదే. షేఖ్ నసీఫ్ కొన్నారు, సేకరించారు, దొరకని గ్రంథాలను సొంత ఖర్చుతో అచ్చు వేయించి ఉచితంగా పంచారు. క్రమంగా ఇంట్లో పుస్తకాల సంఖ్య 16,000కు చేరింది.

అంతకంటె ముఖ్యమైన విషయం, ఆ పుస్తకాలను వచ్చినవారెవరైనా చదువుకోవచ్చు. ఊరిలో చెప్పుకోదగ్గ గ్రంథాలయం లేని రోజులలో ఒక గృహస్థు తన ఇంటి తలుపులు విద్యార్థులకు, హజ్‌కు వచ్చిన దేశదేశాల పండితులకు తెరిచి ఉంచారు. మక్కా దారిలో ఉన్న ఇల్లు గనుక ఆగి పోవడానికి ఎవరికీ ప్రత్యేకంగా దారి మళ్ళనక్కరలేదు. సూరా నూర్ ఆదేశాన్ని పాటించి అతిథికి, కుటుంబానికి గోడలతో హద్దు ఏర్పరచిన ఆ ఇంటిలోనే, హద్దు చెదరకుండా కింది గదులు ఊరందరివి అయ్యాయి. 1983 నుండి 1993 వరకు రాబితతుల్ ఆలమిల్ ఇస్లామీ ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన డాక్టర్ అబ్దుల్లా ఉమర్ నసీఫ్ ఈ కుటుంబం వారే.

ఊరు ఖాళీ అయిన వేళ

నగర ప్రాకారాన్ని 1947లో పడగొట్టారు. చమురు ధనంతో ఊరు ఉత్తరంగా, తూర్పుగా విస్తరించింది. విద్యుత్తు, చల్లని గాలి యంత్రాలు, కారు నిలిపే చోటు ఉన్న కొత్త ఇళ్ళకు పాత కుటుంబాలు ఒక్కొక్కటే తరలిపోయాయి. పాత ఇళ్ళను గదులు గదులుగా అద్దెకిచ్చారు. వేలమైళ్ళ దూరం నుండి పొట్ట చేతపట్టుకొని వచ్చిన కూలీలు వాటిలో ఉన్నారు. సున్నపు పూత ఎవరు వేయించాలి? యజమానికి అక్కర లేదు, అద్దెకున్నవాడికి స్తోమత లేదు. కొన్నిచోట్ల బాగు చేయబోయి సిమెంటు పూశారు. అది మరీ కీడయింది. సిమెంటు గోడలోని తేమను బయటికి పోనీయదు, పగడపు రాయి లోలోపల ఉప్పెక్కి పిండిలా రాలిపోతుంది. దానికి తోడు భూగర్భపు నీటి మట్టం పెరగడం, పాత కలపకు నిప్పంటుకోవడం. ఎన్నో ఇళ్ళు ఈ విధంగా నేలకూలాయి.

బైత్ నసీఫ్‌కు ఆ గతి పట్టలేదు. షేఖ్ ముహమ్మద్ నసీఫ్ మరణించిన కొన్నేళ్ళకు, 1975లో, ఇల్లు కుటుంబం చేతినుండి ప్రభుత్వానికి మారింది. గ్రంథాలు జిద్దాలోని అబ్దుల్ అజీజ్ విశ్వవిద్యాలయ కేంద్ర గ్రంథాలయానికి చేరాయి. 1972 నుండి 1986 వరకు నగర మేయరుగా ఉన్న ముహమ్మద్ సయీద్ ఫార్సీ కాలంలో పాత ఊరి ఇళ్ళను లెక్కగట్టి నమోదు చేయించి, వాటిని కూల్చకుండా ఆపే ప్రయత్నం మొదలయింది. ఇల్లు మరమ్మతులు పొంది, ప్రదర్శనశాలగా, ఉపన్యాసాల వేదికగా మారింది. 2014లో యునెస్కో ‘మక్కా ద్వారం’ అన్న పేరుతోనే పాత జిద్దాను ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. అప్పటినుండి పరిసరాలలోని ఇళ్ళను కూడా పాత పద్ధతిలో, సున్నంతో, కలపతో తిరిగి నిలబెట్టే పనులు సాగుతున్నాయి.

నేటి హాజీలలో ఎక్కువమంది విమానం దిగి, బస్సెక్కి నేరుగా మక్కా, మదీనాలకు వెళ్ళిపోతారు. సూఖుల్ అలవీ వారి దారిలో లేదు. కాని ఆ ఇంటి ముందరి చెట్టు జాతివారిని వారు మరొకచోట కలుసుకుంటారు. అరఫాత్ మైదానంలో హాజీలకు నీడ కోసం వేల సంఖ్యలో నాటినవి వేపచెట్లే. జిద్దాలో ఒకప్పుడు ఒంటరిగా నిలిచిన పాత చెట్టు మాత్రం బైత్ నసీఫ్ వాకిట్లో ఇప్పటికీ ఉంది. సాయంత్రం గాలి తిరిగే వేళకు అంగడివారు వచ్చి దాని కింద కూర్చుంటారు.